మూన తిరగడం

ఆషాఢంలో నారుమడి గట్టున కాసేపు నిలబడితే, చెట్లను ఒకచోట తవ్వి మరోచోట నాటే శాస్త్రం సగం అక్కడే అర్థమవుతుంది. ఆడవాళ్లు వరసగా వంగి గుప్పెడు గుప్పెడు నారు పీకుతారు. వేళ్లకు పట్టిన బురదను నీళ్లలో జాడించి, కట్టలు కట్టి గట్టు మీదికి విసురుతారు. మధ్యాహ్నానికల్లా ఆ నారు దమ్ము చేసిన పొలంలో నాటుపడుతుంది. మర్నాడు చూస్తే చేను దిగులు పుట్టిస్తుంది. ఆకులు వాలిపోయి, పాలిపోయి ఉంటాయి. వారం, పది రోజులు అలాగే గడిచాక ఒక ఉదయం చేనంతా పచ్చబడుతుంది. ‘మూన తిరిగింది’ అంటాడు రైతు. ఇక దిగులు లేదని అర్థం. పీకినప్పుడు తెగిన వేళ్ల స్థానంలో కొత్త వేళ్లు వచ్చాయి, మొక్క ఈ మడిలో సొంతంగా నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

వరినారుకు రెండు అదృష్టాలున్నాయి. అది పసిది, పైగా అడుగున నీళ్లు నిలిచి ఉంటాయి. పదిహేనేళ్ల వేపచెట్టుకో, ఇల్లు మారుతూ వెంట తీసుకెళ్లాలనుకున్న పాత మందార పొదకో ఈ రెండూ లేవు. అయినా వాటికి జరగవలసింది కూడా ఇదే, మూన తిరగాలి. తవ్విన రోజు నుంచి మూన తిరిగే రోజు దాకా చెట్టును దాహంతో చచ్చిపోకుండా కాపాడటమే మనం చేసే పనంతా. మందులు, మంత్రాలు ఎన్ని చెప్పినా కొత్త వేళ్లు చెట్టే వేసుకోవాలి. అందుకు కావలసిన గడువును మాత్రమే మనం సంపాదించి పెట్టగలం.

మట్టిముద్దలో మిగిలేదెంత

చెట్టు పైన ఎంత ఉందో కింద అంతే ఉంటుందని, తల్లివేరు పాతాళానికి దిగి ఉంటుందని మన ఊహ. తవ్వి చూసినవాళ్లకు వేరే బొమ్మ కనిపిస్తుంది. నీళ్లు తాగే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. లోతుకు బదులు అవి పక్కలకు పాకుతాయి. కొమ్మల అంచు దాటి, నీడ పడే మేరకు రెట్టింపు దూరం పోవడం మామూలే. గాలి, తడి, కుళ్లిన ఆకు దొరికేది పైమట్టిలోనే కాబట్టి వేళ్లూ అక్కడే తిరుగుతాయి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. కాండం మందం పది సెంటీమీటర్లున్న చెట్టు ఒకటి ఉందనుకోండి. దాని వేళ్లు చుట్టూ నాలుగు మీటర్ల దాకా పాకాయి. నర్సరీలవాళ్ల కొలత ప్రకారం కాండం మందానికి పది, పన్నెండు రెట్ల వెడల్పున మట్టిముద్ద తీయాలి. అంటే మీటరు పైచిలుకు వెడల్పు. వేళ్లు పరచుకున్న నేలతో పోలిస్తే ఆ ముద్ద విస్తీర్ణం నూటికి రెండు వంతులే. కాండం దగ్గర వేళ్లు దట్టంగా ఉంటాయి కాబట్టి అసలు వాటా కాస్త మెరుగు. అయినా తవ్వి కొలిచినవాళ్లు చెప్పే అంకె నూటికి 5 దరిదాపుల్లోనే ఉంటుంది. మిగిలిన 95 వంతులూ పాత గుంట చుట్టూ మట్టిలో ఉండిపోతాయి.

మరి ఇంకాస్త పెద్ద ముద్ద తీస్తే? మీటరు పైచిలుకు వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న ముద్దే టన్ను దాకా తూగుతుంది. కాండం మందం రెట్టింపైతే ముద్ద వెడల్పూ లోతూ రెట్టింపవ్వాలి, బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే చెట్ల తరలింపులో మనిషి ఆశకు హద్దు గీసేది క్రేను.

పోయిన వేళ్ల విలువ వాటి బరువుతో తేలదు. 1937లో హోవర్డ్ డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక్క రై మొక్కను పెట్టెలో నాలుగు నెలలు పెంచి, మట్టి కడిగి, వేళ్ల లెక్క కట్టాడు. రై గోధుమకు దాయాది అయిన గడ్డిజాతి పంట. ఆ ఒక్క మొక్క వేళ్లన్నీ కలిపితే 620 కిలోమీటర్ల పొడవు తేలింది, హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా. వాటి మీద నూగులా ఉండే మూలకేశాలు సుమారు 1,400 కోట్లు. వాటి పొడవు కలిపితే 10,000 కిలోమీటర్లు దాటింది. నీళ్లు తాగే పని ఎక్కువగా ఈ నూగుదే. దాని ఆయుష్షు కొద్ది రోజులు, గాలి తగిలితే కొద్ది నిమిషాలు. నారు జాడించినప్పుడు, గులాబీ మొక్క వేళ్లు దులిపినప్పుడు మనకు తెలియకుండా పోయేది ఇదే. దీనితోపాటు వేళ్లను అల్లుకుని నీటినీ భాస్వరాన్నీ అందించే శిలీంధ్రాల దారాలు కూడా తెగిపోతాయి. ఈ పొత్తుకు 1885లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు.

శ్రీ వరి సాగు చేసేవాళ్లకు ఈ సంగతి చేతులకే తెలుసు. 1983లో మడగాస్కర్‌లో హెన్రీ ద లోలానియే అనే క్రైస్తవ గురువు రూపొందించిన ఆ పద్ధతిలో 8 నుంచి 12 రోజుల లేత నారును జాడించరు. వేళ్లు, మట్టి, గింజతో సహా రేకుతో ఎత్తి వెంటనే నాటుతారు. నూగు చెదరదు కాబట్టి మొక్క చాలా త్వరగా తేరుకుంటుంది. చెట్టుకు మట్టిముద్ద ఎందుకో అడిగినవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఆకుల ఖర్చు

1727లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాధికారి తన ప్రయోగాలను పుస్తకంగా అచ్చువేశాడు. కుండీలో ఉన్న మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను, కుండీకి సీసపు రేకు మూత బిగించి, పొద్దునా సాయంత్రమూ తూచాడు. రోజుకు సగటున అరకిలో పైనే బరువు తగ్గుతూ వచ్చింది. అదంతా ఆకుల నుంచి ఆవిరై పోయిన నీరు. పెద్ద చెట్టు ఎండరోజున పదుల లీటర్లు ఇలా వదులుతుంది.

ఇంత నీరు పైకి ఎక్కేది ఎలా? కింద నుంచి ఎవరూ నెట్టరు, పైనుంచి ఆకులు లాగుతాయి. ఆకు నుంచి ఒక బిందువు ఆవిరైతే దాని వెనక బిందువు జరుగుతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి విడవకుండా పట్టుకుని ఉంటాయి కాబట్టి దారునాళాల్లో నీరు బిగించిన తాడులా ఉంటుంది. 1894లో డిక్సన్, జోలీ చెప్పిన ఈ వివరణ ఇప్పటికీ నిలిచి ఉంది. వేళ్లు తెగితే తాడుకు కింది కొస అందించేవాళ్లుండరు. ఆకులు మాత్రం లాగుతూనే ఉంటాయి. బిగువు మితిమీరితే తాడు తెగి, నాళంలో బుడగ పుడుతుంది. ఇక ఆ నాళంలో నీరు నడవదు.

ఆ తెగడం వినిపిస్తుంది కూడా. 1966లో మిల్బర్న్, జాన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వాడిపోతున్న ఆముదపు ఆకు తొడిమకు సున్నితమైన శబ్దగ్రాహకం తగిలించి విన్నారు. టిక్, టిక్ అంటూ చప్పుళ్లు వచ్చాయి. ఒక్కో చప్పుడుకు ఒక్కో నాళం తెగినట్టు. మన చేలల్లో మిట్టమధ్యాహ్నం తలలు వేలాడేసే ఆముదాలు ఇలా మొరపెట్టుకుంటున్నాయన్నమాట.

ఈ ఖర్చును ఆపడానికి చెట్టు దగ్గరున్న ఉపాయం పత్రరంధ్రాలు మూసుకోవడం. మూస్తే నీరు మిగులుతుంది కానీ ఆ రంధ్రాల గుండానే లోపలికి రావలసిన బొగ్గుపులుసు వాయువు కూడా ఆగిపోతుంది. అంటే పిండిపదార్థం తయారుకాదు. కొత్త వేళ్లకు కావలసిన ముడిసరుకు అదే. తవ్విన చెట్టు ఇరకాటం ఇది. ఆకులు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి.

అందుకే కాలం చూసి తవ్వాలి. చలిదేశాల్లో ఆకు రాలిన శీతాకాలంలో తవ్వుతారు, అప్పుడు ఖర్చే ఉండదు. మనకు గాలిలో తేమ నిండిన తొలకరి తరువాతి రోజులు అనువు. ముసురు పట్టిన వేళ ఆకులు పెద్దగా లాగవు, నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి వేళ్లు త్వరగా పుడతాయి. రోహిణి కార్తెలో తవ్వి క్రేనుకు కట్టిన చెట్టు, ఎంత జాగ్రత్తగా దించినా, అప్పుల్లో పుట్టినట్టే.

ఏడాది ముందు మొదలయ్యే పని

జపాను తోటమాలులకు ‘నెమవాషి’ అనే మాట ఉంది, వేళ్ల చుట్టూ తిరగడం అని అర్థం. చెట్టును కదపడానికి ఏడాది ముందే దాని చుట్టూ వలయంలో కొంత భాగం కందకం తవ్వుతారు. ఎదురైన వేళ్లను పదునైన కత్తితో నున్నగా కోసి, కందకాన్ని మెత్తటి మట్టితో, ఆకు ఎరువుతో పూడుస్తారు. కోసిన ప్రతి కొస వెనకా గుత్తిగా సన్నని వేళ్లు పుడతాయి. కొన్ని నెలలకు మిగతా భాగాన్నీ అలాగే చేస్తారు. చివరికి చెట్టును ఎత్తేటప్పుడు ముద్ద నిండా లేతవేళ్లు ఉంటాయి. జపానులో ఈ మాట కార్యాలయాలకూ పాకింది. ఒక నిర్ణయాన్ని సభలో పెట్టేముందు అందరినీ విడివిడిగా కలిసి ఒప్పించి రావడాన్ని కూడా ఇప్పుడు నెమవాషి అనే అంటారు.

ఇంట్లో నందివర్ధనం పొదను కదపాలన్నా ఇదే సూత్రం. మూడు నాలుగు నెలల ముందు పొద చుట్టూ సగం వలయాన పారను నిటారుగా దించి వేళ్లు తెంపి, నీళ్లు పెడుతూ ఉండండి. తరువాత మిగతా సగం. కాగితం పూల పొద వేళ్లు పెళుసు, మట్టి విరిగితే వెంట విరుగుతాయి. దానికి ఈ ముందస్తు కోత మరీ అవసరం.

తవ్వే రోజుకు ముందు రెండు రోజులు నీళ్లు బాగా పెట్టాలి. ఎర్ర ఇసుకనేలలో పొడిమట్టి జలజలా రాలిపోతుంది, ముద్ద నిలవదు. నల్లరేగడి ఎండితే పగుళ్లిచ్చి వేళ్లను తనే తెంపుతుంది, మరీ తడిస్తే పారకు అంటుకుని వదలదు. పిడికిట్లో ఉండ కట్టి, వేలితో నొక్కితే విరిగేంత తడి సరిపోతుంది. ముద్దను గోనెపట్టాతో చుట్టి కొబ్బరితాడుతో బిగించి, కాండం పట్టుకుని కాకుండా ముద్దకింద నుంచే ఎత్తాలి. కాండానికి గొలుసు కట్టి వేలాడదీస్తే ముద్ద బరువుకు వేళ్లు లోపలే తెగుతాయి, బెరడు నలుగుతుంది. ఇది మనుషులకు ఎన్నడో తెలుసు. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో ఈజిప్టు రాణి హత్షెప్సుత్ పుంట్ దేశం నుంచి తెప్పించిన పరిమళ చెట్ల బొమ్మలు దేర్ ఎల్-బహరీ ఆలయం గోడల మీద ఉన్నాయి. ఆ చెట్ల వేళ్లు బుట్టల్లో ఉన్నాయి, ఆ బుట్టలను కావడికి తగిలించి మనుషులు మోస్తున్నారు.

కొమ్మలు కొట్టాలా?

వేళ్లు పోయాయి కాబట్టి కొమ్మలు కూడా ఆ మేరకు తగ్గించాలి. ఈ తర్కం కాదనలేనట్టుంటుంది. ముదురునారు నాటేటప్పుడు కొనలు తుంచే అలవాటు మనకూ ఉంది. చాలా తోటపని పుస్తకాలు మూడోవంతు కొమ్మలు కొట్టమని చెబుతూ వచ్చాయి.

పోల్చి చూసిన ప్రయోగాల్లో తేలింది వేరు. నీళ్లు సరిగా అందుతుంటే, కొమ్మలు కొట్టిన చెట్లకు కొట్టనివాటి కన్నా ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. కారణం, ఆకు రెండంచుల కత్తి. అది నీరు ఖర్చుపెడుతుంది, నిజమే. కానీ వేరుకు అన్నం పెట్టేదీ అదే. పైగా చిగురుకొనల్లో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంట కిందికి దిగి, కోసిన చోట వేళ్లు వెయ్యమని ఆజ్ఞాపిస్తుంది. కొనలన్నీ నరికితే ఆ ఆజ్ఞ ఇచ్చేవాళ్లుండరు.

కాబట్టి నియమం ఒకటి కాదు, పరిస్థితిని బట్టి రెండు. రోజూ నీళ్లు పట్టే దిక్కుంటే ఎండిన, విరిగిన, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసి మిగిలినవి వదిలేయండి. నీళ్లకు నమ్మకం లేని రోడ్డుపక్కన, మట్టిముద్ద సగం రాలిపోయిన పొదకు, ఆకు తగ్గించక తప్పదు. అప్పుడు కూడా కొమ్మ కొనలు నరకడం కన్నా లోపలి కొమ్మలను మొదలంటా తీసి పలచన చేయడం, ఆకులు దూసి మొగ్గలు ఉంచడం మేలు.

తాటిజాతికి ఈ మాటలేవీ వర్తించవు. కొబ్బరి, ఈత, ఖర్జూరాలకు తల్లివేరు ఉండదు. వేళ్లన్నీ కాండం అడుగునుంచి నేరుగా వస్తాయి. ఫ్లోరిడాలో పరిశోధకులు వేళ్లు కోసి చూస్తే కొబ్బరిలో కోసిన వేళ్లు సగం దాకా మళ్లీ శాఖలు వేశాయి. అక్కడి సబల్ తాటిలో కోసిన వేరు దాదాపు ప్రతీదీ చచ్చింది, కొత్తవి మొదటినుంచే రావలసి వచ్చింది. ఆ సబల్ తాటికి ఆకులన్నీ కోసేసి నాటితేనే ఎక్కువ బతికాయి. రాజమహేంద్రవరం పక్కన కడియం నర్సరీల దారిలో లారీలకెక్కే తాటిజాతి చెట్ల ఆకులు తగ్గించి, మిగిలినవి గుత్తిగా కట్టి ఉండటం ఊరికే కాదు.

పాదు

కొత్త గుంట ముద్దకన్నా రెండు మూడింతలు వెడల్పుండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించకూడదు. వేళ్లు పక్కలకు పోతాయి కాబట్టి వదులుమట్టి పక్కల కావాలి. అడుగున వదులుమట్టి ఉంటే ముద్ద కుంగి, కాండం మెడ దాకా పూడిపోతుంది. కాండం నేలను తాకేచోట విచ్చుకునే వేళ్ల మొదళ్లు పైకి కనిపించాలి. అవి కనిపించకుండా పాతిన చెట్టు మెల్లగా ఊపిరాడక చస్తుంది.

గుంటలో సగం పశువుల ఎరువు పోసే ఆత్రం వద్దు, తవ్విన మట్టే చాలు. యూరియా అసలే వద్దు. ఉప్పదనం ఎక్కువైన తడి, వేరులోకి పోవడానికి బదులు వేరులోని నీటినే బయటికి లాగుతుంది.

నీళ్ల దగ్గర అందరూ పొరబడే సంగతి ఒకటుంది. మొదటి నెలల్లో చెట్టు తాగేది ముద్దలోని నీటినే. చుట్టూ మట్టి చిత్తడిగా ఉన్నా ముద్ద రెండు రోజుల్లో గట్టిపడి ఎండిపోవచ్చు. కాబట్టి పాదు ముద్ద మీదే చేయాలి, వెలుపల కాదు. పొడవాటి ఇనప ఊచను ముద్దలోకి గుచ్చి తీస్తే తడి ఎంతుందో తెలుస్తుంది. తడి ఉంటే ఆగండి. నల్లమట్టి గుంటలో నీరు నిలిస్తే అది తొట్టె అవుతుంది, గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. పాదు మీద బెత్తెడు మందాన ఎండాకు, వరిగడ్డి పరిచి, కాండానికి తగలకుండా జరపాలి. నీడకు అలవాటుపడిన కాండాన్ని గోనె చుట్టో సున్నం పూసో పడమటి ఎండనుంచి కాపాడాలి. గాలికి ముద్ద కదిలితే అప్పుడే పుట్టిన లేతవేళ్లు తెగుతాయి కాబట్టి వదులుగా ఊతం కట్టి, ఏడాదికి తీసేయాలి.

‘నారు పోసినవాడు నీరు పోయకపోడు’ అని సామెత. చెట్ల తరలింపులో ఈ సామెత తరచూ తప్పుతుంది. నాటే రోజు క్రేను, ఫొటోలు, జనం ఉంటారు. మూడో నెలలో నీళ్ల ట్యాంకరు రాదు. చెట్టు చచ్చేది అప్పుడు.

చిగురును నమ్మొద్దు

నాటిన నెలకు మొండి కొమ్మల మీద ఎర్రటి చిగురు వస్తే అందరూ సంబరపడతారు. ఆ చిగురు చెట్టు తన కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో వేసింది, పాత సొమ్ము. నరికి పడేసిన మునగ కొమ్మ కూడా చిగురిస్తుంది. కొత్త వేళ్లు రాకముందే ఆకులు విచ్చుకుంటే ఖర్చు మళ్లీ మొదలై, నిల్వ అయిపోయి, వచ్చే ఎండాకాలానికి ఒక్కసారిగా మాడిపోతుంది. రెండో వేసవిని నిలబడి దాటిన చెట్టునే బతికినదిగా లెక్కపెట్టాలి.

ఎంతకాలం పడుతుంది? అమెరికాలోని చలిప్రాంతాల్లో వేళ్లు ఏడాదికి సుమారు ఒకటిన్నర అడుగు పాకుతాయి. కాండం మందంలో అంగుళానికి ఏడాది చొప్పున కోలుకునే కాలం పడుతుందని అక్కడి లెక్క. వెచ్చని ఫ్లోరిడాలో అంగుళానికి మూడు నెలలే. మన నేలలూ వెచ్చనివే, నీళ్లుంటేనే ఆ వేగం. షికాగో దగ్గర మోర్టన్ ఆర్బొరేటంకు చెందిన గ్యారీ వాట్సన్ 1985లో ఈ వేగాల మీద లెక్క కట్టాడు. నాలుగంగుళాల చెట్టునూ పదంగుళాల చెట్టునూ ఒకేరోజు నాటితే, చిన్నది త్వరగా వేళ్లు తిరిగి సంపాదించుకుని పెరుగుతూ ఉండగా పెద్దది ఏళ్ల తరబడి కోలుకుంటూనే ఉంటుంది. 13 ఏళ్లకు రెండూ ఒకే సైజు.

హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు గురించి ఆలోచించేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా దాదాపు 900 మర్రులు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటి వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మర్రిని తరలించవచ్చనే మాట అబద్ధం కాదు. కొమ్మలనుంచి ఊడలు దించే జాతి అది. కాండంలో ఎక్కడినుంచైనా అబ్బురపు వేళ్లు వేయగలదు. కొమ్మలన్నీ కొట్టి మొద్దుగా నాటినా బతకవచ్చు. వేప, చింతలకు ఆ చలవ లేదు. కానీ కొత్తచోట బతికిన మర్రి దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడికి వచ్చింది కాండం మాత్రమే. రోడ్డు మీద పరచుకున్న నీడా, ఊడలూ, వాటిలో గూళ్లూ లారీ ఎక్కలేదు. అవి మళ్లీ రావాలంటే ఆ మొద్దు కొన్ని దశాబ్దాలు నిలబడాలి, ఎవరో నీళ్లు పోస్తూ ఉండాలి. రోడ్డు నక్షాను కాస్త పక్కకు జరపడం ఏ చెట్టుకైనా అన్నిటికన్నా మంచి వైద్యం.

మీరు నాటిన చెట్టు మూన తిరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఆకులను చూడకండి. రెండో తొలకరి పడ్డాక పాత ముద్ద అంచుకు జానెడు అవతల, చేతివేళ్లతో మెల్లగా మట్టి తీయండి. పార వద్దు. నాలుగంగుళాల లోతులో తెల్లగా, దారంలా, కొన మెరుస్తూ ఒక వేరు కనిపిస్తే అక్కడితో ఆగండి. తీసిన మట్టి తిరిగి కప్పేసి, చేతులు కడుక్కోండి.